పాత కారు రేకు తుప్పు పట్టింది: లప్పం పెట్టాలా, ప్యానెల్ మార్చాలా?

మీ ప్రశ్నలో సంగతి ఇదీ. 1960ల నాటి కారు కొన్నారు. ముందు మడ్‌గార్డు కింది అంచున పెయింటు పొక్కింది. డ్రైవరు డోరు కింద ఉండే సిల్ బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది. కాళ్ల దగ్గర ఫ్లోరుకు చిల్లు పడింది. వెనక డోరు మీద ఎప్పటిదో సొట్ట ఉంది. ఒకాయన ఫైబర్ మ్యాట్ వేసి పైన లప్పం పట్టిస్తే సరిపోతుందన్నారు, ఇంకొకాయన ప్యానెళ్లన్నీ పీకి కొత్తవి వేయాల్సిందేనన్నారు. ఎవరి మాట వినాలి, తుప్పు మందు రాస్తే ఆగదా, ఇందులో మీరు సొంతంగా ఎంత చేసుకోగలరు అని అడిగారు.

నేనైతే ఆ రెండూ చేయను. తుప్పు తిన్న రేకును గట్టి రేకు తగిలేదాకా కోసి తీసేస్తాను. అంతే మందం ఉన్న కొత్త ముక్కను అంచుకు అంచు ఆనించి వెల్డ్ చేస్తాను. మిగిలిన పాత ప్యానెల్‌ను పోనివ్వను. లప్పం చివర్లో, పైపైన సన్నటి పొరగా మాత్రమే వాడతాను. సిల్ విషయంలో లప్పం ఊసే ఎత్తకండి, అది కారు బరువు మోసే భాగం. వీటన్నిటికన్నా ముందు, ఆ చోటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టండి. అది తేలకుండా ఎంత చక్కగా వెల్డ్ చేసినా మళ్లీ అక్కడే పొక్కుతుంది.

ఎందుకంటే పాత కార్లలో తుప్పు చాలావరకు లోపలి నుంచి మొదలై బయటికి వస్తుంది. మడ్‌గార్డు వెనక బురద పేరుకుని నెలల తరబడి తడి పట్టి ఉంచుతుంది. డోరు అద్దం పక్క రబ్బరు గట్టిపడితే నీళ్లు డోరు లోపలికి దిగుతాయి. అడుగున ఉండే సన్న రంధ్రాల గుండా అవి బయటికి పోవాలి. ఆ రంధ్రాలు మట్టితోనో, ఎవరో పూసిన సీలెంట్‌తోనో మూసుకుపోతే డోరు అడుగు తొట్టెలా మారుతుంది. ఫ్లోరు సంగతైతే, నీళ్లు కింది నుంచి చిమ్మడం కన్నా, ముందరి అద్దం రబ్బరు దగ్గర కారి కార్పెట్ కింద పరిచే దళసరి ఫెల్ట్ గుడ్డలోకి చేరడమే ఎక్కువ. పైన కార్పెట్ పొడిగానే కనిపిస్తుంది, కింద ఫెల్ట్ మాత్రం నానుతూనే ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు మించి జాగా ఆక్రమిస్తుంది కాబట్టి రెండు రేకులు కలిసే జాయింట్లలో అది రేకుల్ని విడదీస్తూ పోతుంది. మీరు బయట చూస్తున్న పొక్కు ఆ కథలో చివరి ఘట్టం.

పని నేర్చుకున్న తొలి రోజుల్లో ఒక మడ్‌గార్డు కింది భాగం చేశాను. ముక్క బాగా కుదిరింది, వెల్డ్ బాగా వచ్చింది, పెయింటయ్యాక జాయింటు ఎక్కడుందో నాకే తెలియలేదు. రెండేళ్లు తిరగకుండానే అదే చోట పొక్కింది. విప్పి చూస్తే అద్దం కింద గాలి జాలీ దగ్గర నీళ్లు పోయే గొట్టం ఆకులతో పూడిపోయి ఉంది, వాన పడ్డ ప్రతిసారీ నీళ్లన్నీ మడ్‌గార్డు లోపలి అంచు మీదికే దారి తీస్తున్నాయి. ఆ రోజు నుంచి గ్రైండర్ పట్టుకునే ముందు నీళ్లు పట్టుకుంటాను. సీట్లు, కార్పెట్, ఫెల్ట్ తీసేసి, లోపల ఒకరు టార్చ్ వేసి చూస్తుంటే బయట ఇంకొకరు పైపుతో కింది నుంచి పైకి, ఒక్కో చోట కొన్ని నిమిషాల చొప్పున నీళ్లు వదలాలి. ముందే పై నుంచి పోస్తే అన్నీ కలిసిపోయి ఎక్కడ కారుతోందో తేలదు.

తుప్పు ఎంతవరకు పాకిందో చూడటం. అయస్కాంతం ఒక మెత్తటి గుడ్డలో చుట్టి ప్యానెల్ మీద జరపండి. పట్టు సడలిన చోట లోపల లప్పమో ఫైబరో ఉన్నట్టు. చిన్న సుత్తితో తట్టి వినండి: మంచి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట మొనదేలిన పోకరుతో పొడవండి, దిగితే అది పోయినట్టే. మంచి రేకు ఎంత పొడిచినా దిగదు కాబట్టి చిల్లు పడుతుందని భయపడకండి. ఒక్క మాట ముందే చెబుతున్నా, రూపాయి బిళ్లంత పొక్కు గోకితే అరచేయంత ముక్క కోయాల్సి రావడం మామూలే. కనిపించే తుప్పు అంచు దాటి కనీసం 25 మి.మీ. అవతల కోత గీత పెట్టుకోండి. తుప్పు అంచులోనే కోస్తే అక్కడ రేకు కాగితంలా పలచబడి ఉంటుంది, వెల్డ్ వేడి తగలగానే కాలి చిల్లు పడుతుంది. కొత్తవాళ్లు వెల్డింగ్ చేతకాలేదని అనుకుంటారు గాని చాలాసార్లు తప్పు కోతలోనే ఉంటుంది.

తుప్పు మందు గురించి. వాటిలో ఫాస్ఫారిక్ ఆమ్లమో టానిక్ ఆమ్లమో ఉంటుంది. ఫాస్ఫారిక్ తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, టానిక్ నల్లటి ఐరన్ టానేట్‌గా మారుస్తుంది. రేకు గట్టిగా ఉండి, పైన మాత్రమే ఎర్రబారి ఉంటే ఇవి పనికొస్తాయి. పొలుసులుగా రాలే తుప్పులో మందు పై పొరను నల్లబరిచి ఆగిపోతుంది, అడుగున పని సాగుతూనే ఉంటుంది. పోయిన ఇనుమును ఏ మందూ తిరిగి తేలేదు. ఇంకో చిక్కు: ఫాస్ఫారిక్ ఆమ్లం అవశేషం మిగిలిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ (పెయింటు కింద వేసే, తడిని ఆపే తొలి పూత) సరిగా అంటుకోదు. వాడితే డబ్బా మీద చెప్పినట్టు కడిగి, ఆరబెట్టి, గీరి, ఆ తర్వాతే ప్రైమర్ వేయండి.

మరి లప్పంతో చిల్లు మూస్తే ఏమవుతుంది? బాడీ లప్పం అంటే పాలిస్టర్ రెసిన్, టాల్క్ పొడి కలిపినది. అది చెమ్మను పీల్చుకుంటుంది. చిల్లు మీద పెడితే దాని వెనక వైపు నేరుగా తడికి తెరుచుకుని ఉంటుంది. చుట్టూ మిగిలిన తుప్పు రేకు ఉబ్బుతూ దాన్ని తోస్తుంది. ఫైబర్ మ్యాట్ నీళ్లను కాస్త బాగా ఆపుతుంది గాని తుప్పు రేకు మీద దాని పట్టు నిలవదు. పైగా రేకుకు, మ్యాట్‌కు మధ్య తడి చిక్కుకుంటుంది. బయటికి ఏడాదో రెండేళ్లో నున్నగా కనబడుతూ లోపల తుప్పు రెట్టింపవుతుంది. అలాంటి కారును విప్పినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మొదట చిన్న ముక్కతో పోయేది, ఇప్పుడు సగం ప్యానెల్ పోయి ఉంటుంది.

ఇక సిల్. మీ కారుకు విడిగా ఛాసిస్ లేకపోతే సిల్ దాని వెన్నెముక లాంటిది. బయట కనిపించేది ఒక్క రేకే గాని లోపల ఇంకో రెండు ఉండొచ్చు. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో చూడండి, బయటి సిల్, మధ్య పలక, లోపలి సిల్ కలిసి పెట్టెలా పనిచేస్తాయి, బయటి సిల్ ముందు కొస మడ్‌గార్డు వెనకకు వెళ్లిపోతుంది. దాన్ని సరిగ్గా మార్చాలంటే మడ్‌గార్డు విప్పక తప్పదు. చాలామంది విప్పకుండా కనిపించినంత మేరకే పాత సిల్ మీద కొత్త రేకు తొడిగేస్తారు. బయటికి కొత్త సిల్, లోపల పాత కుళ్లు అలాగే ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో ఆ చోట వేడి గాలి వెళ్లే గొట్టమే సిల్ పని చేస్తుంది. కాబట్టి మీ మోడల్‌లో అక్కడ ఎన్ని పొరలున్నాయో తెలుసుకోకుండా కోత మొదలుపెట్టకండి.

కోసే ముందు డోరు ఫ్రేములో అడ్డంగా, ఏటవాలుగా చతురస్రపు గొట్టాలు వెల్డ్ చేసి బిగించాలి. కారు బరువు చక్రాల మీదో, సస్పెన్షన్ మోపు ఉండే చోట్లో ఆని ఉండాలి, మధ్యలో జాకీ పెట్టకూడదు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన కారులో రెండు వైపులా సిల్ చక్కగా వెల్డ్ చేసి ఉంది, కానీ డోరు పై మూల రాసుకుంటోంది, ఎంత సర్దినా పడటం లేదు. అంతకుముందు పని చేసినవాళ్లు గొట్టాలు బిగించకుండా రెండు సిల్‌లూ ఒకేసారి కోసేశారు. కారు నడుము కొద్దిగా కుంగింది, ఆ కుంగిన ఆకారంలోనే కొత్త సిల్ గట్టిపడిపోయింది. మళ్లీ అంతా కోసి మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అందుకే ఒక వైపు పూర్తిగా ముగించాకే రెండో వైపు ముట్టుకోవాలి. కొత్త సిల్‌ను క్లాంపులతో పట్టించి, డోరు బిగించి, మూసి తెరిచి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసి, అప్పుడు వెల్డ్ చేయండి. సగం వెల్డయ్యాక మళ్లీ చూడండి. విసుగనిపిస్తుంది, అయినా చూడండి.

ముక్క తయారీ దగ్గర తొందర వద్దు. మొదట అట్ట కత్తిరించి ఆకారం సరిచూసుకుని, దాన్ని రేకు మీద గీసి కోయండి. ఆ కాలపు కార్ల బయటి ప్యానెళ్లు సాధారణంగా 0.9 నుంచి 1 మి.మీ. మందం ఉంటాయి, ఫ్లోరు, సిల్ 1.2 మి.మీ. దాకా ఉండొచ్చు. మీ కారు మీద కాలిపర్‌తో కొలిచి అంతే మందం తీసుకోండి. పలచటి రేకుతో వేస్తే మందం తేడా ఉన్న చోట పలచటిది కాలిపోతుంది. ముక్క మూలలు గుండ్రంగా ఉంచండి, పదునైన మూల దగ్గర వేడి పోగై రేకు మెలితిరుగుతుంది. ముక్క పూర్తిగా తయారయ్యాకే, దాన్నే కారు మీద పెట్టి గీత గీసి, పాత రేకు కోయండి. ముందు కోసేస్తే మీకు ఆనవాలుగా ఉండాల్సిన ఆకారమే చేజారిపోతుంది.

అంచుకు అంచు ఎందుకంటున్నానంటే, ముక్కను పాత రేకు మీద ఎక్కించి వెల్డ్ చేస్తే ఆ రెంటి మధ్య సందులో తడి చేరి కొత్త తుప్పుకు ఇల్లు కడుతుంది. పైగా అక్కడ రేకు రెండింతల మందం కావడంతో ఎండకు ఆ భాగం ఒకలా, పక్క భాగం ఇంకొకలా వ్యాకోచిస్తాయి. పెయింటు ఎంత బాగా వేసినా ఎండలో ఆ గీత పైకి కనిపిస్తుంది. ఫ్లోరులో మాత్రం ఎక్కించి వేసినా నేను తప్పు పట్టను, చాలా కార్లు ఫ్యాక్టరీలోనే అలా చేశారు. రెండు వైపులా సీలెంట్ పట్టించగలగాలి, అంతే.

వెల్డింగ్ విషయానికొస్తే మిగ్ మెషిన్ (తీగను తనే అందిస్తూ గ్యాసు రక్షణలో వెల్డ్ చేసేది), 0.6 మి.మీ. తీగ, ఆర్గాన్ కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం ఇంటి పనికి బాగా కుదురుతాయి. గ్యాసు లేకుండా నడిచే ఫ్లక్స్ తీగ ఇంత పలచటి రేకుకు వేడెక్కువ. రేకుల మధ్య సందు రేకు మందానికి మించకూడదు. ఒకేసారి గీతగా లాగొద్దు. 25 మి.మీ.కి ఒక టాక్, అంటే చుక్కంత వెల్డ్, వేసి, చల్లారనిచ్చి, దూరంగా ఉన్న చోట ఇంకోటి, ఆ తర్వాత వాటి మధ్యల్లో. ముట్టుకుంటే చెయ్యి కాలకుండా ఉండేదాకా పక్క చోటికి వెళ్లకండి. వేడెక్కిన రేకు వ్యాకోచించబోతుంది, చుట్టూ చల్లటి రేకు పట్టి ఉంచడంతో ఎటూ పోలేక అక్కడే నలిగి దళసరి అవుతుంది. చల్లారాక ముడుచుకుని పక్క రేకును లాగుతుంది. ప్యానెల్ లోపలికి లొత్తపడేది దీనివల్లే. విరుగుడు ఒక్కటే: వెల్డ్ వెనక డాలీ (చేత్తో పట్టుకునే బరువైన ఇనుప దిమ్మ) ఆనించి పైన సుత్తితో కొట్టి, ముడుచుకున్న గీతను మళ్లీ సాగదీయాలి. మిగ్ వెల్డ్ గట్టిగా ఉంటుంది కాబట్టి ముందు ఎత్తు గ్రైండ్ చేసి తగ్గించుకోండి. టిగ్ (తీగను విడిగా చేత్తో అందిస్తూ చేసే ఆర్క్ వెల్డింగ్), గ్యాస్ వెల్డ్ మెత్తగా ఉండి సుత్తికి బాగా లొంగుతాయి, పెద్ద బల్లపరుపు ప్యానెళ్లకు నేను టిగ్ వాడతాను. గ్రైండ్ చేసేటప్పుడు కూడా వెల్డ్ మీదే ఉండండి. పక్క రేకు తినేస్తే ఆ చోటే బలహీనపడుతుంది.

సొట్ట గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గాని దానికి వెనక నుంచి ఒక్క పోటు పొడవొద్దని గట్టిగా చెబుతాను. రేకు దెబ్బ తిన్న వరసకు తలకిందులుగా తిరిగి రావాలి. మొదట తగిలిన చోటు లోతుగా ఉంటుంది, దాని చుట్టూ చివరగా లేచిన గట్టు ఉంటుంది. ఆ గట్టును దించుతూ లోతును నెమ్మదిగా లేపాలి. డాలీని లోతు వెనక ఒత్తి పట్టి, సుత్తి పక్కన గట్టు మీద వేస్తే రేకు సాగకుండా సర్దుకుంటుంది. నేరుగా డాలీ మీదే కొడుతూ పోతే రేకు పలచబడి సాగుతుంది, అప్పుడు వేలితో నొక్కితే టపాటపా లోపలికీ బయటికీ ఎగురుతుంది. సాగిన చోటును నాణెమంత మేర ఎర్రగా కాల్చి, సుత్తితో తేలిగ్గా తట్టి, చల్లార్చి ముడుచుకునేలా చేయాలి. ఎక్కడ ఎత్తుందో కంటికన్నా అరచేయి బాగా చెబుతుంది, పలచటి గుడ్డ గ్లోవ్ వేసుకుని తడిమి చూడండి. ఆకురాయి తేలిగ్గా లాగితే ఎత్తు చోట్లు మెరుస్తాయి, పల్లాలు మెరవవు.

పెయింటు తీయడానికి ఇసుక బ్లాస్టింగ్ చేయించమని ఎవరైనా అంటే డోరు, బానెట్, రూఫ్ లాంటి వెడల్పు రేకుల మీద వద్దనండి, వంకర్లు తిరిగిపోతాయి. ఫ్లోరు అడుగు, బ్రాకెట్ల లాంటి వాటికి సరే. మామూలు సిలికా ఇసుక దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది, గార్నెట్ అనే ఖనిజపు రవ లాంటివి వాడేవాళ్ల దగ్గరికే వెళ్లండి. సోడా బ్లాస్టింగ్ పెయింటు తీస్తుంది గాని తుప్పు తీయదు.

కొత్త ప్యానెల్ అసలు వద్దా అంటే, బోల్టులతో బిగించే మడ్‌గార్డు సగానికి పైగా పోయి ఉంటే కొత్తది వేయడంలో తప్పు లేదు. కానీ తర్వాతి కాలంలో చేసిన ప్యానెళ్లు సరిగ్గా అమరడం అరుదు. అంచు మడతలు, హెడ్‌లైట్ గుంత, డోరు వైపు వంపు తేడాగా ఉంటాయి. అందుకే నేను ఒక్కోసారి కొత్త ప్యానెల్ కొని, దాని కింది భాగం మాత్రం కోసి, పాత ప్యానెల్‌కు అతుకుతాను. కారుతో పుట్టిన గీతలు అలా నిలుస్తాయి. కొత్త ప్యానెల్ మీద ఉండే నల్ల పూత చాలాసార్లు రవాణా కోసం వేసిందే, అది గట్టిగా పట్టి ఉందని తేలితే తప్ప గీరేయండి.

ఒక మినహాయింపు. అయస్కాంతం అసలే అంటుకోకపోతే మీ కారు బాడీ అల్యూమినియం కావచ్చు. 1948లో మొదలైన ల్యాండ్ రోవర్ బాడీ రేకులు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమానివే. అక్కడ ఎర్ర తుప్పు ఉండదు, ఉక్కు ఫ్రేము తగిలే చోట తెల్లటి పొడి రాలుతుంది. ఆ పని పూర్తిగా వేరు, నేను చెప్పిన వెల్డింగ్ దానికి పనికిరాదు. అలాగే పోర్షే 911లా 1976 మోడల్ నుంచి జింకు పూత ఉన్న బాడీ అయితే వెల్డ్ దగ్గర జింకు గీరేయాలి, జింకు కాలిన పొగ పీలిస్తే రాత్రికి జ్వరం రావొచ్చు.

ప్రాణం మీదికి తెచ్చేవి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీయండి. పెట్రోలు ట్యాంకు విప్పి కారు నుంచి దూరంగా పెట్టండి, ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే ఎక్కువ ప్రమాదం. సిల్ పక్కనే బ్రేకు గొట్టాలు, వైర్లు ఉంటాయి, చూసుకోండి. అడుగున పూసిన తారు పూత, సీటు కింది ఫెల్ట్ మీరు చూడని వైపు అంటుకుంటాయి. అందుకే పని ముగిశాక కనీసం గంట సేపు కారు దగ్గరే ఉంటాను, అగ్నిమాపక సిలిండరు చేతికి అందేలా. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకును వెల్డ్ చేయకండి, ఆ వేడికీ వెలుగుకూ ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ కాలపు పెయింటులో సీసం ఉండొచ్చు. కొన్ని కార్లలో జాయింట్ల మీద ఫ్యాక్టరీలోనే సీసం, తగరం కలిపిన టంకం నింపేవారు. గ్రైండర్ పెట్టినప్పుడు వెండిలా మెరిసే మెత్తటి లోహం బయటపడితే అక్కడే ఆపండి. దాన్ని ఆకురాయితో మాత్రమే అరగదీయాలి, దుమ్ము లేపకూడదు.

వెల్డ్ అయ్యాక రేకును 80 నంబరు ఎమరీతో గీరి, తుడిచి, ఎపాక్సీ ప్రైమర్ వేయండి. లప్పం ఆ ఎపాక్సీ మీదే, 3 మి.మీ. మించకుండా. జాయింట్ల మీద సీలెంట్ కూడా ప్రైమర్ తర్వాతే. ఎక్కువమంది మరిచేది వెనక వైపు. వెల్డ్ వేడికి సిల్ లోపలి పూత అంతా కాలిపోయి రేకు నగ్నంగా ఉంటుంది. పెయింటు అంతా ముగిశాక పొడవాటి గొట్టం, చుట్టూ చిమ్మే ముక్కు ఉన్న స్ప్రేతో లోపలంతా క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టాలి. వ్యాక్స్ వెల్డింగ్‌కు ముందు వేస్తే అంటుకుంటుంది, పెయింటుకు ముందు వేస్తే పెయింటు పట్టదు. వ్యాక్స్ కొట్టాక నీళ్లు పోయే రంధ్రాల్లో సన్న తీగ దూర్చి, తెరుచుకుని ఉన్నాయో లేదో చూడండి. అడుగున రబ్బరులాంటి మందపాటి పూత నాకు నచ్చదు. అది నెర్రెలిస్తే లోపలికి చేరిన తడి బయటికి రాదు, పైకేమో ఏమీ కనిపించదు.

మీరు సొంతంగా ఎంత చేసుకోగలరంటే, ఫ్లోరుతో మొదలుపెట్టండి. ముందు అదే మందం పాత రేకు ముక్కలు ఇరవై ముప్పై వెల్డ్ చేసి, వంచి విరిచి చూసుకోండి. వెల్డ్ విడిపోకుండా పక్క రేకు చిరిగితే మీ చేయి కుదిరినట్టు. ఫ్లోరు మీద అందం తగ్గినా కార్పెట్ కప్పేస్తుంది, గట్టిదనం మాత్రం తగ్గకూడదు. సిల్ మొదటిసారి చేసేటప్పుడు అనుభవం ఉన్నవాళ్లను పక్కన పెట్టుకోండి, కనీసం గొట్టాలు బిగించేటప్పుడు, డోరు సందు చూసేటప్పుడు. ఫ్లోరు, సిల్, వాటి తర్వాత డోరు బిగించి సందులు, ఆ సందులకు తగ్గట్టు మడ్‌గార్డు, చివరగా సొట్ట. సిల్ కదిలితే పైనున్నవన్నీ కదులుతాయి కాబట్టి ఈ వరస మార్చకండి.

ఈ వారం మాత్రం ఏదీ కోయకుండా కార్పెట్, ఫెల్ట్ తీసి, సిల్ లోపలి వైపు పోకరుతో పొడిచి చూసి, ఫోటోలు ఇక్కడ పెట్టండి. లోపలి పొర గట్టిగా ఉంటే బయటి సిల్ ఒక్కటే మారిస్తే చాలు. అది కూడా పోయి ఉంటే ఎక్కడ గొట్టాలు బిగించాలో ఆ ఫోటోల మీదే గీసి చూపిస్తాను.